అరిగిన కీలు గుజ్జుకు ముద్రిత పరంజా: కొలత నుంచి అమరిక వరకు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎముకల వైద్యుని గది ముందు ఒక గంట కూర్చుంటే "గుజ్జు అరిగిపోయిందమ్మా" అన్న మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. పాఠ్యపుస్తకాలు మృదులాస్థి అని పిలిచే కణజాలానికి మన ప్రాంతపు వాడుకలో స్థిరపడిన పేరు గుజ్జు. ఆ పేరు వినగానే అదేదో పోస్తే నిండే పదార్థమనీ, సూదితో ఎక్కిస్తే సరిపోతుందనీ అనిపిస్తుంది. నిజానికి అది ఎముక చివరను అంటిపెట్టుకొని, మోకాలిలో సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందంతో, నునుపుగా, లోపల పొరలు పొరలుగా అమరి ఉండే గట్టి కణజాలం. దానికొక నిర్మాణం ఉన్నది కనుకనే దాన్ని తిరిగి పెంచాలనుకునేవారు ముందుగా మరొక నిర్మాణాన్ని, అంటే పరంజాను, సిద్ధం చేసుకోవలసి వస్తున్నది.

ఈ మార్గదర్శిని ముఖ్యంగా విజయవాడ, గుంటూరు పరిసరాల కళాశాలల్లో బయోటెక్నాలజీ, ఫార్మసీ, వైద్యశాస్త్రం చదువుతూ త్రీడీ ముద్రణతో పరంజా తయారుచేసి పరీక్షించాలనుకునే విద్యార్థుల కోసం రాసినది. చివరి భాగం రోగులకూ వారి ఇంటివారికీ పనికివస్తుంది. ముద్రించిన పరంజాతో మోకాలి మృదులాస్థిని పెంచే పద్ధతి మన దేశంలో ఇంకా పరిశోధన దశలోనే ఉన్నదనీ, డబ్బు కట్టి చేయించుకోగల మామూలు చికిత్సగా రాలేదనీ మొదటే గుర్తుంచుకోవాలి.

పరంజా అన్న మాట వినగానే మనకు గోడ పక్కన కట్టిన వెదురు బొంగులు గుర్తుకు వస్తాయి. పొన్నూరు వైపు తమలపాకు తోటలు చూసినవారికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరుకుతుంది. అక్కడ ముందుగా అవిశె మొక్కలను వరుసలుగా పెంచి, అవి కొంత ఎదిగిన తరువాత వాటి మొదట్లో తీగ నాటుతారు. అవిశె మొక్క తీగ బరువును మోయాలి, గాలికి ఊగినా విరగకూడదు, వరుసల మధ్య వెలుతురు దూరాలి, వేళ్లకు నీరు అందాలి. మన పరంజా నుంచి కణాలు కోరేవి కూడా సరిగ్గా ఇవే. పోలిక ఒక్కచోట మాత్రం చెడుతుంది: తోటలో అవిశె నిలిచి ఉంటుంది, మోకాలిలో పరంజా మెల్లగా కరిగి తన చోటును కొత్త కణజాలానికి ఒప్పగించాలి. ఆ కరిగే వేగమూ కణజాలం పెరిగే వేగమూ ఒకదానికొకటి అందేటట్టు చూడడంలోనే ఈ పనికి ఉన్న కష్టమంతా ఉన్నది. ఇకపై చెప్పే ప్రతి కొలతనూ ఆ దృష్టితోనే చదవాలి.

పోయినదేమిటో ముందు తెలుసుకోవాలి

మృదులాస్థి బరువులో 65 నుంచి 80 శాతం నీరే. మిగిలినదానిలో ప్రధానమైనవి రెండో రకం కొల్లాజెన్ పోగులు, ఆ పోగుల వలలో చిక్కుకొని ఉండే అగ్రికాన్ అనే అణువులు. నానబెట్టిన సబ్జా గింజ చుట్టూ ఏర్పడే జిగురు పొరను గమనించండి. నీటిని పట్టుకొని ఉబ్బాలన్న గుణం అగ్రికాన్‌కూ అలాగే ఉంటుంది. దానిపై ఉన్న రుణావేశాలు నీటిని లోపలికి లాగుతుంటే, కొల్లాజెన్ వల ఆ ఉబ్బును అదుపులో ఉంచుతుంది. ఈ రెండింటి పెనుగులాట వల్లనే మనం మెట్లు దిగేటప్పుడు పడే బరువును ఆ పలుచని పొర భరించగలుగుతున్నది. కాండ్రోసైట్లు అనే జీవకణాలు మొత్తం పరిమాణంలో 5 శాతానికి మించవు. రక్తనాళాలు లేవు, నరాలు లేవు.

రక్తం చేరని చోట గాయం మానడం కష్టం. కీలు మృదులాస్థి ఒకసారి పాడైతే తిరిగి బాగుపడదని విలియం హంటర్ 1743లోనే లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో గుర్తించాడు. పైపొరకే పరిమితమైన గీత అలాగే ఉండిపోతుంది. దెబ్బ ఎముక దాకా దిగితే మజ్జ నుంచి రక్తమూ మూలకణాలూ వచ్చి లోపాన్ని పూడుస్తాయి గానీ, అక్కడ ఏర్పడేది మొదటి రకం కొల్లాజెన్ ఎక్కువగా ఉన్న నారవంటి కణజాలం, అది కొన్నేళ్లలో అరిగిపోతుంది. 1980లలో అమెరికా శస్త్రవైద్యుడు రిచర్డ్ స్టెడ్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన మైక్రోఫ్రాక్చర్ పద్ధతి, అంటే లోపం అడుగున ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టడం, ఈ స్వభావాన్నే వాడుకుంటుంది. చిన్న లోపాలకు అది నేటికీ పనికివస్తున్నది. మనం పరంజాతో చేయదలచినది నారకణజాలాన్ని కాకుండా అసలు రకపు మృదులాస్థిని రాబట్టడం.

ఏ లోపానికి, ఎంత కొలతకు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బృందం 1994లో రోగి సొంత మృదులాస్థి కణాలను ప్రయోగశాలలో పెంచి, తిరిగి మోకాలిలో పెట్టిన ఫలితాలను ప్రచురించింది. మొత్తం 23 మందిలో తొడ ఎముక చివర లోపం ఉన్న 16 మందికి గాను 14 మందికి మంచి ఫలితం వచ్చింది; మోకాలి చిప్ప వెనుక లోపం ఉన్న 7 మందిలో ఇద్దరికే వచ్చింది. కణాలు ఒకటే, పద్ధతి ఒకటే, చోటు మారగానే ఫలితం మారిపోయింది. అందువల్ల పరంజాను గీయడానికి ముందు లోపం ఏ చోట ఉన్నది, అక్కడ బరువు ఏ దిక్కు నుంచి పడుతుంది అన్నవి రాసుకోవాలి.

ఇటువంటి చికిత్సకు తగినది చుట్టూ ఆరోగ్యకరమైన మృదులాస్థి ఉండి, మధ్యలో గుంటలా పడిన లోపం. ఆటలో దెబ్బ తగిలిన యువకుని మోకాలు, బండి మీద నుంచి పడిన నడివయస్కుని మోకాలు ఈ కోవలోకి వస్తాయి. కీలంతా అరిగి, ఎముకకు ఎముక రాసుకుంటున్న ముదిరిన ఆస్టియో ఆర్థరైటిస్‌లో పరంజా ఆనుకోవడానికి గట్టు ఉండదు. గట్టు లేని చెరువులో నీరు నిలవనట్టే అక్కడ అదీ నిలవదు. కాలు దొడ్డిగా వంగి ఉంటే ముందు ఆ వంపును సరిచేయాలి, లిగమెంటు తెగి ఉంటే దాన్ని ముందో వెంటనో బాగుచేయాలి. సుమారు 2 చదరపు సెంటీమీటర్లకు లోపున్న లోపాలకు సులువైన పద్ధతులే ఉన్నాయి కనుక పరంజా అవసరం అంతకు పైబడిన వాటికే ఎక్కువ.

కొలతకు ఎమ్మారై వాడాలి. మామూలుగా మోకాలికి తీసే ఎమ్మారైలో ఒక్కొక్క ముక్క 3 మిల్లీమీటర్ల మందం దాకా ఉంటుంది, అంటే మృదులాస్థి మందమంత! దానితో ఆకారం గీస్తే మెట్లు మెట్లుగా వస్తుంది. అందుకని ముక్క మందం 1 మిల్లీమీటరుకు లోపు ఉండే త్రీడీ సీక్వెన్స్ (స్కాన్ తీసే పద్ధతి) కావాలని స్కానింగ్ కేంద్రంలో ముందే చెప్పి చేయించాలి. ఆ ఫైళ్లను త్రీడీ స్లైసర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఎముకనూ మృదులాస్థినీ వేరు వేరు రంగులతో గుర్తించి, లోపం ఆకారాన్ని ముద్రణకు పనికివచ్చే ఎస్‌టీఎల్ ఫైలుగా తీసుకోవాలి. కీలు తెరిచి చెడిన అంచులను శుభ్రం చేశాక లోపం ఎమ్మారైలో కనిపించినదానికంటే పెద్దదని తేలడం మామూలే. కాబట్టి పరంజాను కొంత పెద్దదిగా ముద్రించి, శస్త్రచికిత్స గదిలో కత్తిరించుకునే వీలు ఉంచాలి. చిన్నదై పోతే చేయగలిగినది ఏమీ ఉండదు.

చట్రమూ జెల్లూ

ఒకే పదార్థంతో బలమూ జీవమూ రెండూ సాధించడం కుదరదు. కణాలు హాయిగా బతికే హైడ్రోజెల్లు, అంటే నీటిని పట్టి ఉంచే జెల్లులు, మెత్తగా ఉంటాయి. బరువు మోసే పాలిమర్ల మీద కణాలకు అంత హాయి ఉండదు. అందుకే మొదటిసారి ప్రయత్నించేవారికి నేను సూచించేది పాలీకాప్రోలాక్టోన్ అనే, శరీరంలో మెల్లగా కరిగే ప్లాస్టిక్‌తో చట్రం ముద్రించి, దాని ఖాళీల్లో కాంతి తగిలితే గట్టిపడే జెలటిన్ మెథాక్రిలాయిల్ జెల్లును కణాలతో కలిపి నింపే జంట పద్ధతి. సన్నని పాలీకాప్రోలాక్టోన్ పోగుల వలతో బలపరచినప్పుడు ఇదే రకం జెల్లు గట్టిదనం 54 రెట్ల వరకు పెరిగిందని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు 2015లో చూపారు. వల, జెల్లు విడివిడిగా ఇచ్చే బలాలను కూడితే అంత రాదు. జెల్లు పక్కలకు ఉబ్బబోతుంటే వల పట్టి ఆపడం వల్ల అది వచ్చింది. మృదులాస్థిలో కొల్లాజెన్ వల, అగ్రికాన్‌ల మధ్య ఉన్న సంబంధమే అక్కడా పనిచేసింది.

పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ముద్రించేటప్పుడు 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంచి, 0.25 నుంచి 0.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో, ఒక వరుసకు అడ్డంగా మరొక వరుస వచ్చేటట్టు పోగులు పరచాలి. పోగుల మధ్య ఖాళీ 200 నుంచి 400 మైక్రాన్లు మిగిలేటట్టు చూసుకుంటే కణాలూ పోషకాలూ చేరడానికి దారి ఉంటుంది. మొదటి వరుస పలకకు అంటుకోకపోతే మిగిలిన వరుసలన్నీ వంకర పోతాయి కనుక మొదటి వరుసను నిదానంగా, కొంచెం ఎక్కువ ఒత్తిడితో పరచడం మంచిది. చట్రం పూర్తయ్యాక దాన్ని పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కొన్ని గంటలు ఉంచి, నీటితో తటస్థం అయ్యేదాకా కడిగితే, నీటిని విదిలించుకొనే ఆ ప్లాస్టిక్ ఉపరితలం జెల్లును అంటనిస్తుంది. క్రిమిరహితం చేయడానికి ఆవిరితో వేడిచేసే ఆటోక్లేవ్‌లో మాత్రం పెట్టకూడదు. 121 డిగ్రీల్లో మీ శ్రమంతా ముద్దగా మారి చేతికి వస్తుంది. ప్రయోగశాల పనికి 70 శాతం ఆల్కహాలు, ఆపై అతినీలలోహిత కాంతి సరిపోతాయి. మనిషికో జంతువుకో అమర్చవలసినదైతే ఇథిలీన్ ఆక్సైడ్ వంటి పద్ధతి కావాలి. ఈ పాలిమర్ శరీరంలో పూర్తిగా కరగడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. కణజాలం అంతకంటే ముందే పరిపక్వం కావచ్చు కనుక పోగులను వీలైనంత సన్నగా, తక్కువగా వాడాలన్నది నా అభిప్రాయం. లావు పోగులు గట్టిగా ఉన్నాయని సంతోషించేవారు అవి ఆక్రమించిన చోట కొత్త కణజాలం రాలేదన్న సంగతి మరచిపోతుంటారు.

లోపం ఎముక దాకా దిగి ఉంటే పరంజాను రెండు అంతస్తులుగా వేయాలి: ఎముక వైపు అంతస్తులో హైడ్రాక్సీఅపటైట్ వంటి ఖనిజం కలపాలి, కీలు వైపు అంతస్తులో దాని ఊసే ఉండకూడదు.

ఇక జెల్లు సంగతి. జెలటిన్‌ను ఫాస్ఫేట్ బఫర్‌లో 10 శాతం గాఢతతో 50 డిగ్రీల వద్ద కరిగించి, మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్‌ను చుక్కలు చుక్కలుగా కలిపి, కొన్ని గంటలు కలియబెట్టి, 40 డిగ్రీల నీటిలో వారం రోజుల దాకా డయాలిసిస్ చేసి, అంటే పలుచని పొర సంచిలో ఉంచి మిగిలిన రసాయనాన్ని నీటిలోకి పోనిచ్చి, గడ్డకట్టించి ఆరబెడితే తెల్లని దూదివంటి పదార్థం మిగులుతుంది. డయాలిసిస్‌లో తొందరపడితే మిగిలిపోయిన రసాయనం కణాలను చంపుతుంది. నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చడం విసుగు పుట్టించే పనే అయినా దానికి దగ్గరి దారి లేదు. వాడేటప్పుడు ఈ పదార్థాన్ని మళ్లీ 10 శాతం గాఢతతో కరిగించి, లాప్ అనే కాంతి ప్రారంభకాన్ని 0.1 నుంచి 0.25 శాతం కలిపి, వడకట్టి, కణాలు కలపాలి.

కణాలు కలిపిన ఈ జెల్లునే ముద్రణలో సిరా అంటారు. దానికి పదును కుదిరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు ఉన్నాయి, కానీ అరిసెల పాకం పట్టిన చేతికి ఆ పరీక్ష ముందే తెలుసు. నాజిల్ నుంచి సిరాను గాలిలోకి వదిలినప్పుడు అది చుక్కగా ఊడిపడితే పలుచన, ముక్కలుగా తెగి గరుకుగా వస్తే ముదురు. తీగపాకంలా తెగకుండా వేలాడితే సరైన పదును. జెలటిన్ సిరాకు ఆ పదును 20 నుంచి 25 డిగ్రీల మధ్య వస్తుంది. 37 డిగ్రీల్లో అది నీళ్లలా జారిపోతుంది, మరీ చల్లబడితే గడ్డకట్టి నాజిల్‌ను మూసేస్తుంది. శీతల దేశాల ప్రయోగశాలల్లో రాసిన పద్ధతులు గది ఉష్ణోగ్రత అని ఒక మాటతో సరిపెడతాయి. గుంటూరులో మే నెల గది ఉష్ణోగ్రత అంటే ఏమిటో వాటిని రాసినవారికి తెలియదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మా ముద్రణ యంత్రం ఇన్వర్టర్ మీద చక్కగా నడుస్తూనే ఉన్నది. కార్ట్రిడ్జ్‌ను చల్లబరిచే చిల్లర్‌కు మాత్రం ఆ లైను ఇవ్వలేదని మాకు అప్పుడే తెలిసింది. పది నిమిషాల్లో రెండు వారాలు పెంచిన కణాలతో సహా సిరా అంతా పలక మీద మడుగు కట్టింది. అప్పటి నుంచి చిల్లర్, ఏసీ, యంత్రం మూడూ ఒకే బ్యాకప్ మీద ఉన్నాయి, వేసవిలో కణాలతో చేసే ముద్రణ తెల్లవారుజామునే పూర్తవుతున్నది.

జెల్లు నింపిన తరువాత 405 నానోమీటర్ల నీలి కాంతి కింద సుమారు ఒక నిమిషం ఉంచితే అది గట్టిపడుతుంది. కాంతి లోతుకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది కనుక మందపాటి పరంజాను ఒకేసారి కాకుండా రెండు మూడు దఫాలుగా నింపుతూ గట్టిపరచాలి. ఎక్కువసేపు కాంతి పెడితే మరింత గట్టిపడుతుంది గానీ లోపలి కణాలు చనిపోతాయి. ఆ తరువాత ఒక రోజు కల్చర్ ద్రవంలో నాననిచ్చి, అప్పుడు కొలవాలి, ఎందుకంటే జెల్లు ఉబ్బుతుంది, లోపానికి సరిపోవలసినది ఉబ్బిన కొలతే.

జెలటిన్ బదులు మృదులాస్థి నుంచే సిరా తయారుచేయడం మరొక దారి. కణాలన్నిటినీ డిటర్జెంట్లతో, ఎంజైములతో తొలగించి, మిగిలిన జాలకాన్ని, అంటే కణాల చుట్టూ ఉండే కొల్లాజెన్, అగ్రికాన్‌ల అల్లికను, పెప్సిన్‌తో కరిగించి సిరాగా వాడవచ్చని 2014లో దక్షిణ కొరియా బృందం చూపింది. ఆ పత్రపు ప్రధాన రచయిత ఫల్గుణి పాతి ఆ తరువాత ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్యులయ్యారు. 2022లో అదే ఐఐటీ, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి హైదరాబాద్‌లో కంటి కార్నియాను ముద్రించి కుందేలు కంటిలో అమర్చాయి. రక్తనాళాలు లేని కణజాలమన్న విషయంలో కార్నియా మృదులాస్థికి బంధువే కనుక మన విద్యార్థులు ఆ పనిని శ్రద్ధగా చదవడం మంచిది. ఈ దారిలో వెళ్లేవారు ఎండిన జాలకం ఒక్కొక్క మిల్లీగ్రాములో డీఎన్‌ఏ 50 నానోగ్రాములకు మించకుండా చూసుకోవాలి. అంతకు మించి ఉంటే కణాలు సరిగా తొలగలేదని అర్థం.

కణాలు ఎక్కడి నుంచి, ఎన్ని

రెండు వనరులు ఉన్నాయి, రెండింటికీ ఒక్కొక్క పేచీ ఉన్నది. బరువు పడని చోటి నుంచి 200 నుంచి 300 మిల్లీగ్రాముల మృదులాస్థిని తీసి, కొల్లాజినేజ్‌తో కరిగించి వేరుచేసిన కాండ్రోసైట్లు మనకు కావలసిన కణాలే. కానీ పళ్లెంలో పెంచుతున్న కొద్దీ అవి తమ స్వభావాన్ని మరచి, సాగిపోయి, మొదటి రకం కొల్లాజెన్ తయారుచేయడం మొదలుపెడతాయి. రెండు మూడు సార్లకు మించి పళ్లెం మార్చకూడదు. ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలు కావలసినన్ని పెరుగుతాయి. అయితే మృదులాస్థిగా మారిన తరువాత అవి అక్కడితో ఆగకుండా, ఎముక అయ్యే దారిలో ఇంకొక అడుగు వేసి పదో రకం కొల్లాజెన్‌ను చూపుతాయి. రెండింటినీ కలిపి పెంచితే ఒకదాని లోపం మరొకటి కొంత సరిదిద్దుతుందని చాలా ప్రయోగశాలలు గమనించాయి, కొత్తవారికి నేను సూచించేదీ అదే.

ఒక మిల్లీలీటరు జెల్లుకు కోటి నుంచి రెండు కోట్ల కణాలు కలపాలి. తక్కువ వేస్తే ఒకదానికొకటి దూరమై జాలకం కలవదు. కల్చర్ ద్రవంలో డెక్సామెథాసోన్ 100 నానోమోలార్, విటమిన్ సీ ఫాస్ఫేట్ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, ఇన్సులిన్ కలిగిన మిశ్రమం, కణాలను మృదులాస్థి దారిలో నడిపించే టీజీఎఫ్ బీటా 3 అనే ప్రోటీన్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు ఉండాలి. ఖర్చంతా ఈ చివరిదాని దగ్గరే. మైక్రోగ్రాముల్లో వచ్చే ఆ సీసాను కరిగించిన రోజునే చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి, మైనస్ 80 డిగ్రీల్లో దాచి, ఒకసారి తీసినదాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా వాడుకోవాలి. ద్రవాన్ని వారానికి రెండు మూడుసార్లు మారుస్తూ 21 నుంచి 28 రోజులు పెంచాలి. ఆక్సిజన్ 5 శాతంగా ఉంచగల ఇంక్యుబేటర్ దొరికితే ఇంకా మంచిది, రక్తం లేని చోట పుట్టిన కణాలకు తక్కువ ఆక్సిజనే అలవాటు.

బయటి నుంచి కణాలు అసలే వేయకుండా, టీజీఎఫ్ బీటా 3 నింపిన పరంజాతో శరీరం సొంత కణాలనే రప్పించే మార్గమూ ఉన్నది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ బృందం కుందేళ్ల భుజపు కీలు ఉపరితలం మొత్తాన్ని అటువంటి పరంజాతో మార్చి, మూడు నాలుగు వారాల్లోనే అవి మామూలుగా నడిచాయని 2010లో లాన్సెట్‌లో ప్రచురించింది. కుందేలు తనంతట తానే బాగా కోలుకొనే జంతువు కనుక ఈ ఫలితాన్ని మనిషికి అన్వయించేటప్పుడు చేయి కొంచెం వెనక్కి పట్టాలి.

పెరిగినది మృదులాస్థేనా

ఒకటో, మూడో, ఏడో రోజుల్లో బతికిన కణాలను ఆకుపచ్చగా, చనిపోయినవాటిని ఎర్రగా చూపే రంగులతో లెక్కించాలి. మొదటి రోజునే చావులు ఎక్కువగా ఉంటే తప్పు నాజిల్ ఒత్తిడిలోనో కాంతిలోనో ఉన్నట్టు. మెల్లగా పెరుగుతుంటే పోషకం లోపలికి చేరడం లేదన్నట్టు. నాలుగు వారాల తరువాత, అగ్రికాన్ ఉన్న చోటును ఎర్రగా చూపే సాఫ్రానిన్-ఓ రంగు వేసిన ముక్కలో ఎరుపు పరంజా అంచునే కాక నడిమధ్యన కూడా కనిపించాలి. రెండో రకం కొల్లాజెన్ ఉండాలి, మొదటిది తక్కువగా ఉండాలి, పదోది దాదాపు ఉండకూడదు. అగ్రికాన్‌లోని చక్కెర గొలుసులైన గ్లైకోసమినోగ్లైకాన్‌లను డీఎమ్ఎమ్‌బీ రంగుతో కొలిచి డీఎన్‌ఏతో భాగించి చెప్పాలి. సిరాలో ఆల్జినేట్‌నో మృదులాస్థి జాలకాన్నో కలిపి ఉంటే ఆ రంగు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక, కణాలు లేని పరంజాను, మొదటి రోజు నమూనాను పక్కన పెట్టుకొని తీసివేయాలి. ఈ తీసివేత చేయక, అద్భుతంగా పెరిగిందని సంబరపడిన ప్రాజెక్టు నివేదికలు నేను ఒకటికి మించి దిద్దాను.

ఒత్తిడి పరీక్షలో సహజ మృదులాస్థి గట్టిదనం అర మెగాపాస్కల్ నుంచి ఒక మెగాపాస్కల్ దాకా ఉంటుంది. చట్రం వల్ల మీ పరంజా మొదటి రోజే ఆ సంఖ్యను అందుకోవచ్చు. అది ప్లాస్టిక్ బలం. నాలుగు వారాల్లో ఆ బలం ఎంత పెరిగిందన్నదే కణాలు చేసిన పనికి కొలమానం.

మేక మోకీలుతో అభ్యాసం

జంతు ప్రయోగానికి ముందు మాంసం దుకాణం నుంచి తెచ్చిన కీలు మీద చేయి తిరగాలి. మేక మోకాలు అని అడిగితే కొట్టు అతను కింది కాలి కీలు ఇస్తాడు. మనకు కావలసినది వెనక కాలిలో తొడ ఎముక, పిక్క ఎముక కలిసే కీలు. దాన్ని విప్పకుండా, చుట్టూ ఉన్న సంచి తెగకుండా ఇవ్వమనాలి. మన వైపు తోలుతో కాల్చిన మేకలను అమ్మడం ఎక్కువ కనుక కాల్చనిదే కావాలని ముందు రోజు చెప్పి ఉంచాలి. వేడి తగిలిన మృదులాస్థి కణాలు చచ్చి ఉంటాయి. ఆదివారం పొద్దున అడిగితే వినే తీరిక ఎవరికీ ఉండదు. కీలును మంచు మీద పెట్టి, కొన్ని గంటల్లోపు తెరవాలి.

6 మిల్లీమీటర్ల బయాప్సీ పంచ్‌తో గుండ్రని కోత పెట్టి, లోపలి మృదులాస్థిని క్యూరెట్‌తో గీసి తీయాలి. గోడలు నిటారుగా ఉండాలి, ఏటవాలు గోడ మీద పరంజా జారుతుంది. మొండి పంచ్ అంచున ఉన్న కణాలను నలిపి చంపుతుంది, అక్కడ కొత్త కణజాలం పాతదానితో అతుక్కోదు కనుక పంచ్‌ను తరచుగా మార్చాలి. పరంజాను లోపం కంటే 0.1 లేదా 0.2 మిల్లీమీటర్లు పెద్దదిగా చేసి నొక్కి కూర్చోబెట్టి, అంచున ఫైబ్రిన్ జిగురు వేసి, కీలును కొన్ని వందల సార్లు మడిచి చాచి చూడాలి. లేచి వచ్చిందంటే అది గీసిన కొలతలోని తప్పే. ఉపరితలం చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉంటే ఎదుటి ఎముక దాన్ని గీకేస్తుంది. ఒక వెంట్రుకవాసి లోతుగా ఉండడమే నయం. నా అనుభవంలో విద్యార్థులు ముద్రణకు మూడు నెలలు, ఈ అంచుకు మూడు రోజులు ఇస్తారు. పరంజాలు విఫలమయ్యేది ఎక్కువగా ఈ అంచు దగ్గరే కనుక ఆ లెక్కను కొంత తారుమారు చేయాలి.

బతికి ఉన్న జంతువు మీద ప్రయోగానికి సంస్థ జంతు నైతిక సంఘం ద్వారా, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ నిబంధనల మేరకు అనుమతి ఉండాలి. మనుషుల దాకా వస్తే 2019 నాటి నూతన ఔషధ, క్లినికల్ ట్రయల్ నియమాలు, 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మూలకణ మార్గదర్శకాలు వర్తిస్తాయి. ట్రయల్‌ను సీటీఆర్ఐ అనే జాతీయ పట్టికలో మొదటి రోగిని చేర్చుకోక ముందే నమోదు చేయాలి.

రోగికీ ఇంటివారికీ

ఎవరైనా మీ మోకాలికి ముద్రిత పరంజా అమరుస్తామంటే సీటీఆర్ఐ నమోదు సంఖ్య అడగండి, ఇంటర్నెట్‌లో ఆ పట్టిక అందరికీ ఉచితంగా కనిపిస్తుంది. ట్రయల్‌లో చేరినందుకు రోగి దగ్గర చికిత్స ఖర్చు వసూలు చేయకూడదు. ట్రయల్ వల్ల హాని కలిగితే వైద్యమూ పరిహారమూ ఇవ్వవలసిన బాధ్యత దాన్ని నడిపేవారిది. సంఖ్య చెప్పకుండా లక్షల ప్యాకేజీ చెప్పేవారి దగ్గర నుంచి లేచి రావచ్చు. రోగి సొంత మృదులాస్థి కణాలను పెంచి అమర్చే చికిత్స మాత్రం వేరు. అటువంటిదానికి అమెరికాలో 2016లో పంది కొల్లాజెన్ పొర మీద కణాలు పెంచే రూపంలో అనుమతి లభించింది, మన దేశంలోనూ అనుమతి పొందిన కణ చికిత్స ఉన్నది. మీకు చెబుతున్నది ఈ రెండింటిలో ఏదో స్పష్టంగా రాయించుకోవాలి.

శస్త్రచికిత్స తరువాతి ఏడాది అంతా వ్యాయామ చికిత్స మీదనే ఆధారపడి ఉంటుంది. తొడ ఎముక చివర అమర్చినప్పుడు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకకర్రలతో, పూర్తి బరువు వేయకుండా నడవాలి. అదే సమయంలో యంత్రం మీదనో చేతితోనో మోకాలిని రోజూ గంటల తరబడి మెల్లగా మడిచి చాచాలి. కదలిక లేకుండా కట్టు కట్టి ఉంచితే మృదులాస్థికి పోషకం అందదు, బరువు తొందరగా వేస్తే మెత్తటి జెల్లు చితికిపోతుంది. పరుగు, కబడ్డీ, వాలీబాల్ వంటివి ఏడాది తరువాతి మాట.

మన ఇళ్లలో దీనికొక చిక్కు ఉన్నది. నేల మీద బాసింపట్టు వేసి భోజనం చేయడం, గొంతుక్కూర్చొని పని చేయడం, నేలబారు మరుగుదొడ్డి వాడడం మోకాలిని చివరిదాకా మడిచి నొక్కుతాయి. శస్త్రచికిత్స తేదీ ఖాయం కాకముందే ఇంట్లో కమోడ్, ఎత్తైన కుర్చీ ఏర్పాటు చేసుకోవాలి. మిర్చి యార్డులో బస్తాలు మోసేవారు, పొలంలో కాయలు కోసేవారు ఎన్ని నెలలు పనికి దూరంగా ఉండాలో వైద్యుని అడిగి, ఆ నెలల ఇంటి ఖర్చు లెక్క చూసుకొని గానీ సంతకం చేయకూడదు. పన్నెండో నెల ఎమ్మారైని మొదటిది తీసిన కేంద్రంలోనే, అదే సీక్వెన్స్‌తో తీయించుకోవాలి. మొదటిసారి ఇచ్చిన సీడీని కూడా వెంట తీసుకువెళ్లండి. పాత ఫిల్ములు మాత్రమే ఉంటే కొత్త పొర మందాన్ని పాతదానితో పోల్చి కొలవడం వీలు కాదు.